తన్నుకుపోయే విద్య

నీళ్లలోని చేపను పట్టడం ఒక విద్య. పట్టిన పక్షి నోటి నుంచి ఆ చేపను గాలిలోనే లాక్కోవడం అంతకు మించిన విద్య. పైనుంచి దూకే పక్షిని చేప పసిగట్టేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. చేపను కరుచుకుని గూటికి పోతున్న పక్షి అలా కాదు. దానికీ రెక్కలున్నాయి, మలుపులు తెలుసు, వెనక వస్తున్నది ఎవరో తెలుసు. గూట్లో ఆకలితో పిల్లలున్నాయి కనుక మొండితనమూ ఉంది. దాన్ని ఓడించి తినాలంటే దోచుకునే పక్షికి ఒడుపు ఒక పాలు ఎక్కువే ఉండాలి. అరవై నాలుగు కళల్లో చోరకళను కూడా చేర్చి చెప్పుకునేవాళ్లం మనం. పక్షుల లోకంలో ఆ కళకు పెద్ద గురువు స్కువా అనే సముద్రపక్షి. దాని నడవడి, ఉనికి, గుర్తుపట్టే తీరు చెప్పుకున్నాక, అదే విద్యతో మన కృష్ణా నది మీద బతుకుతున్నవి ఏవో చూద్దాం.

చూడటానికి తగిన చోటు ఎత్తిపోతల. నాగార్జునసాగర్ ఆనకట్టకు 11 కిలోమీటర్ల దూరంలో, మాచర్ల వైపు, చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగుల నీళ్లు కలిసి 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతాయి. కింది మడుగులో మొసళ్లుంటాయి. వాటి పెంపక కేంద్రమూ అక్కడే ఉంది. ఆ నీరు ఇంకాస్త దూరం నడిచి కృష్ణలో కలుస్తుంది. స్కువా ఇక్కడికి రాదు. అది ఉప్పునీటి పక్షి, ఎత్తిపోతల నుంచి దగ్గరి సముద్రతీరమే నూరు కిలోమీటర్ల పైన ఉంది. అయితే స్కువా చేసే పనికి ఉప్పునీరే కావాలని లేదు. చేపలు, వాటిని పట్టే పక్షులు, పట్టినదాన్ని కాజేసే పక్షులు ఉంటే చాలు. ఎత్తిపోతల లోయ నుంచి సాగర్ దాకా ఈ మూడూ ఉన్నాయి.

ముందు గురువు సంగతి. స్కువాలు మొత్తం ఏడు జాతులు. వీటిలో నాలుగు భారీ పక్షులు: పెద్ద స్కువా, గోధుమ స్కువా, చిలీ స్కువా, దక్షిణ ధ్రువ స్కువా. మూడు సన్నపాటివి: పొమరైన్ స్కువా, ఆర్కిటిక్ స్కువా, పొడుగుతోక స్కువా. సన్నపాటి మూడూ ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న చెట్టూచేమా లేని చలినేలల్లో గుడ్లు పెడతాయి. భారీవాటిలో పెద్ద స్కువా ఒక్కటే ఉత్తరాది పక్షి. స్కాట్లాండ్ దీవులు, ఐస్‌లాండ్, ఫారో దీవులు దాని పుట్టిళ్లు. మిగతా మూడింటిదీ దక్షిణార్ధగోళమే. పిల్లలు ఎగరడం నేర్చాక చాలావరకు నేలను విడిచి సముద్రం మీదికి పోతాయి. మళ్లీ గూడు కట్టే కాలం వచ్చేదాకా నడిసముద్రమే వాటి ఇల్లు.

వంశం చూస్తే స్కువాలు గద్దలకూ డేగలకూ చుట్టాలు కావు. గల్ పక్షులు, టెర్న్‌లు, పఫిన్‌లు ఉన్న పెద్ద కుటుంబంలోవే ఇవీ. జన్యువులను పోల్చి చూసినవారు పఫిన్‌ల శాఖ వీటికి అందరికంటే దగ్గరిదని తేల్చారు. అదే పఫిన్ నోటి నుంచి చేపను లాక్కోవడం ఆర్కిటిక్ స్కువాకు రోజూ ఉండే పని. దాయాదుల పోరుతో చరిత్రకెక్కిన పల్నాడుకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక దాని ఒంటి నిర్మాణం చూడాలి. అసలు పనితనమంతా అక్కడే ఉంది. ఈదే పక్షికి కాలివేళ్ల మధ్య పొర ఉంటుంది, వేటాడే పక్షికి వంకర గోళ్లుంటాయి. స్కువాకు రెండూ ఉన్నాయి. పొర ఉన్న పాదానికే వాడి గోళ్లు మొలిచాయి. ముక్కు కొన్ని పలకల కూర్పు. కొస కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది. చీల్చడానికీ, జారిపోయే చేపను బిగబట్టడానికీ ఆ వంపు పనికొస్తుంది. గద్దల్లో మాదిరి ఇక్కడా ఆడపక్షి మగదానికంటే కొంచెం పెద్దది. కానీ గద్దతో పోలిక అంతటితో సరి. స్కువా పాదానికి గద్ద పట్టు లేదు. అది కాళ్లతో ఎత్తుకుపోలేదు. దొరికినదాన్ని ముక్కుతోనే అందుకోవాలి, ముక్కుతోనే మోయాలి. దోపిడీ చేసే పక్షికి చేతులు లేనట్టే లెక్క. ఆ లోటును అది రెక్కలతో పూడ్చుకుంది. పొడుగ్గా, కొస తేలి, మణికట్టు దగ్గర వంగి ఉండే ఆ రెక్కలు వేగాన్నీ మలుపునూ ఒకేసారి ఇస్తాయి. మామూలుగా పోతున్నప్పుడు స్కువా బరువుగా, తీరుబడిగా కనిపిస్తుంది. ఎర కంటబడగానే అదే పక్షి ఒక్క ఊపులో డేగ అయిపోతుంది.

ఆర్కిటిక్ స్కువా తరుముడును దశలుగా విడదీసి చూస్తే దాని లెక్క అర్థమవుతుంది. మొదటిది ఎంపిక. గుంపులుగా తీరానికి తిరిగొస్తున్న పక్షుల్లో నోటి నుంచి చేప బయటికి కనిపించేదాన్ని అది చూసుకుంటుంది. టెర్న్ చేపను ముక్కుకు అడ్డంగా పట్టుకుని వస్తుంది, పఫిన్ చిన్నచేపలను వరసగా ముక్కు నిండా పేర్చుకుని వస్తుంది. ఇద్దరి సొత్తూ బయటికే కనిపిస్తుంది. రెండోది తావు. నడిసముద్రంలో కాకుండా గూళ్ల దగ్గర, బరువుతో అలసి వచ్చేచోట కాపు కాస్తుంది. మూడోది తరుముడు. బాధితపక్షి ఏ మలుపు తిరిగితే ఆ మలుపు తిరుగుతూ, పైకి లేస్తే పైకి, నీటి మీదికి వాలితే కిందికి వెంటపడుతుంది. ఒళ్లు తాకకపోయినా ఫరవాలేదు, భయపెడితే చాలు. ఒక్కోసారి రెండు మూడు స్కువాలు కలిసి ఒకదాన్నే తరుముతాయి, అప్పుడు మలుపు తిరిగినా తప్పించుకునే దారి ఉండదు. నాలుగోది అందుకోవడం. విసిగిన పక్షి చేపను వదిలేస్తుంది. అది నీటిని తాకేలోగా స్కువా కిందికి జారి ముక్కుతో పట్టేస్తుంది.

వీటన్నిటికంటే నాకు గొప్పగా తోచేది ఐదోది: వదిలేయడం. తరుముడు సాగేకొద్దీ ఒంట్లో సత్తువ ఖర్చవుతుంది. దొరకబోయే చేప ఆ ఖర్చుకు సరిపోవాలి. అందుకే చాలా తరుముళ్లు కొద్ది క్షణాల్లో ముగుస్తాయి. పని జరిగేట్టు లేదనిపిస్తే స్కువా మధ్యలోనే పక్కకు తిరిగి ఏమీ పట్టనట్టు వెళ్లిపోతుంది. పౌరుషానికి పోయి నష్టపోవడం దానికి తెలియదు. ఎక్కడ ఆపాలో తెలిసిన జూదరి ఊళ్లో దొరకడం కష్టం గానీ, సముద్రం మీద ప్రతి స్కువా అలాంటిదే.

పెద్ద స్కువాది మొరటు పద్ధతి. దాని బరువు కిలోన్నర అటూఇటూ, రెక్కలు చాస్తే నాలుగడుగుల పైన. అది తనకంటే చాలా పెద్దదైన గానెట్ అనే సముద్రపక్షి మీదికే పోతుంది. గానెట్ చేపను నోట్లో మోయదు, మింగి కడుపులో పెట్టుకుని వస్తుంది. కనుక లాక్కోవడానికి బయట ఏమీ కనిపించదు. పెద్ద స్కువా దాని రెక్క కొసనో తోకనో ముక్కుతో పట్టి లాగుతుంది. గానెట్ అదుపు తప్పి నీళ్లలో పడుతుంది. తిన్నది కక్కేదాకా స్కువా వదలదు. ఇదొక్కటే దాని బతుకుతెరువు కాదు. చేపల పడవలు పారేసే వ్యర్థం తింటుంది, సొంతంగా చేపలూ పడుతుంది, చిన్న సముద్రపక్షులను చంపి తింటుంది, పక్క గూళ్ల గుడ్లూ పిల్లలూ దొరికితే విడవదు.

గూటి దగ్గర స్కువాల తీరు మరొకటి. సాధారణంగా రెండు గుడ్లు పెడతాయి. నేల మీద చిన్న గుంటే గూడు. ఆ దాపుకు గొర్రె వచ్చినా, కుక్క వచ్చినా, మనిషి వచ్చినా ఒకటే మర్యాద: నెత్తి మీదికి సూటిగా దూకి కాళ్లతో తన్నడం. పొమరైన్ స్కువా గుడ్లు పెట్టాలా వద్దా అన్నది లెమ్మింగ్ అనే పొట్టితోక ఎలుకల మీద ఆధారపడుతుంది. ఆ ఎలుకలు విరగబడ్డ ఏడాది గూళ్లు కడతాయి, లేని ఏడాది అసలు కట్టవు. సముద్రం మీద దోచుకునే పక్షి నేల మీద ఎలుకల వేటగాడు కావడం వింతే. దక్షిణ ధ్రువ స్కువా అడెలీ పెంగ్విన్ల కాలనీ పక్కనే కాపురం పెడుతుంది. ఒకటి పెంగ్విన్‌ను ముందు నుంచి కవ్విస్తే రెండోది వెనక నుంచి గుడ్డును లాగేస్తుంది. ఈ పక్షి తిరిగే దూరాలు కూడా చిన్నవి కావు. అంటార్కిటికాలో ఉంగరం తొడిగిన పిల్లపక్షి అదే ఏడు, 1975లో, గ్రీన్‌లాండ్‌లో దొరికింది.

గుర్తుపట్టడం దగ్గరికి వస్తే స్కువాలు అనుభవజ్ఞులను కూడా తికమక పెడతాయి. ముందు స్కువా అవునా కాదా అన్నది తేల్చుకోవాలి. ముదురు గోధుమ రంగు ఒళ్లు, చాచిన రెక్క కొసకు ముందు, పెద్ద ఈకల మొదట్లో తెల్లటి మెరుపు, కొక్కెపు ముక్కు ఉంటే దాదాపు అదే. ఆ తెల్లటి మెరుపు ఎండలో చాలా దూరానికే తెలుస్తుంది. తర్వాత ఆకారం. భారీ స్కువాలు బొద్దుగా, మెడ పొట్టిగా, రెక్కలు వెడల్పుగా ఉంటాయి. సన్నపాటి మూడింటికీ తోక నడుమ రెండు ఈకలు బయటికి పొడుచుకొస్తాయి. పొమరైన్ స్కువాకు ఆ ఈకలు మొద్దుగా, మెలితిరిగి, చివర గరిటెలా ఉంటాయి. ఆర్కిటిక్ స్కువాకు పొట్టిగా, సూదిగా ఉంటాయి. పొడుగుతోక స్కువాకు రిబ్బన్లలా పొడుగ్గా వేలాడతాయి. ఒళ్లు చూస్తే పొమరైన్ ఛాతీ పీపాలా నిండుగా ఉంటుంది, ఆర్కిటిక్‌ది డేగ వాలకం, పొడుగుతోకది టెర్న్‌లా నాజూకు.

చిక్కంతా రంగులో ఉంది. పొమరైన్, ఆర్కిటిక్ జాతుల్లో ఒళ్లంతా ముదురుగా ఉండేవీ, పొట్ట తెల్లగా నెత్తిన నల్లటి టోపీతో ఉండేవీ, ఈ రెంటికీ నడిమివీ ఉన్నాయి. ఆర్కిటిక్ స్కువాల్లో ఉత్తరానికి పోయేకొద్దీ లేత రంగువి ఎక్కువవుతాయి. పిల్లపక్షుల ఒంటి మీద అడ్డచారలుంటాయి, తోక ఈకలు ఇంకా పెరగవు. అందువల్ల రంగును నమ్ముకున్నవాడు మోసపోతాడు. ఛాతీ నిండుదనం, రెక్క వెడల్పు, ఎగిరే లయ చూసేవాడే సరిగ్గా చెబుతాడు. తరుముడు కంటబడితే ఇంకా మంచిది, ఏ జాతి ఎవరి వెంటపడుతుందో కూడా ఒక గుర్తే.

మన దేశంలో స్కువాను చూడాలంటే అరేబియా సముద్రం వైపు పోవాలి. కేరళ, కర్ణాటక తీరాల నుంచి పడవల్లో సముద్రం లోపలికి వెళ్లే పక్షి పరిశీలకులకు పొమరైన్, ఆర్కిటిక్ స్కువాలు కనిపిస్తుంటాయి. దక్షిణాది భారీ స్కువాలు ఎప్పుడో ఒకటి దారితప్పి వస్తాయి. మనవాళ్లకు అవి బాగా పరిచయమైన చోటు మరొకటుంది. అంటార్కిటికాలో షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద 1989 నుంచి పనిచేస్తున్న మన మైత్రి కేంద్రం పరిసరాల్లోనే దక్షిణ ధ్రువ స్కువాలు గూళ్లు కడతాయి.

ఈ కళ్లతో ఇప్పుడు కృష్ణను చూడాలి. ఇక్కడ చేపలు పట్టే ముఖ్యమైన పక్షుల్లో నది టెర్న్ ఒకటి. పసుపుపచ్చ ముక్కు, నల్లటి టోపీ, కత్తెరలా చీలిన తోక. నీటి మీద ఒకచోట రెక్కలాడిస్తూ నిలబడి, గురి కుదరగానే నిట్టనిలువునా దూకి, చేపను ముక్కుకు అడ్డంగా పట్టుకుని లేస్తుంది. జతపక్షికి పెట్టడానికో, పిల్లలకో దాన్ని అలాగే మోసుకుపోతుంది. స్కువా లేని నీటి మీద ఈ బహిరంగపు మోత మీద కన్ను వేసే పక్షి గరుడపక్షి.

ఇటుకరంగు ఒళ్లు, తెల్లటి తలా ఛాతీ, గుండ్రటి తోక దాని గుర్తులు. ఊళ్ల మీద తిరిగే నల్లగద్దకు తోక నడుమ చీలిక ఉంటుంది, దీనికి ఉండదు. పిల్ల గరుడపక్షి గోధుమరంగులో నల్లగద్దను పోలి ఉంటుంది కనుక తోకనే చూసుకోవాలి. మనవాళ్లు దీన్ని చూడగానే దణ్ణం పెట్టుకుంటారు. పురాణంలో గరుత్మంతుడు కూడా తల్లి వినత దాస్యం తీర్చడానికి దేవతల కావలిలోని అమృతకలశాన్ని ఎత్తుకొచ్చినవాడే. ఆ పేరు మోస్తున్న ఈ పక్షి చనిపోయిన చేపలు ఏరుకుంటుంది, ఎండ్రకాయలు పడుతుంది, వలల దగ్గర కాచుకుంటుంది, వీలు చిక్కితే ఇతర పక్షుల వేటను లాక్కుంటుంది. సాగర్ కట్టాక విశాఖ ప్రాంతం నుంచి వలస వచ్చిన జాలరులు వెనుక జలాల ఒడ్డున, తెలంగాణ వైపు, వైజాగ్ కాలనీ పేరుతో స్థిరపడ్డారు. అలాంటి చేపల రేవులన్నీ గరుడపక్షికి అన్నసత్రాలే.

స్కువాకూ గరుడపక్షికీ పనితనంలో తేడా కాళ్ల దగ్గర వస్తుంది. స్కువా ముక్కుతో అందుకోవాలి. గరుడపక్షి కాళ్లతో తన్నుకుపోతుంది. నీటి మీద తేలే చేపను రెక్క తడవకుండా గోళ్లతో ఎత్తి, ఎగురుతూనే కాలిని ముందుకు వంచి తినగలదు. దానికి వాలడానికి చోటు వెతుక్కునే అవసరం లేదు. నేల మీద దిగితే తననూ దోచుకునేవాళ్లుంటారు కనుక గాలిలోనే తినేయడం దాని జాగ్రత్త. మలుపుల్లో మాత్రం అది స్కువాకు సాటిరాదు. వెడల్పు రెక్కలు తేలడానికి చేసినవి, తరమడానికి కాదు. అందుకే వేగంతో కాకుండా పైనుంచి అదను చూసి పడటంతో పని కానిస్తుంది.

చలికాలంలో ఉత్తరాది నుంచి మన జలాశయాలకు ఆస్ప్రే అనే వేటపక్షి వస్తుంది. నిజాయితీగా చేపలు పట్టేవాళ్లలో దాని సరంజామా చూసి తీరాలి. బయటి కాలివేలు వెనక్కి తిరుగుతుంది, దాంతో చేపను ముందు రెండు, వెనక రెండు వేళ్లతో బిగిస్తుంది. అరికాలి నిండా చిన్న ముళ్లుంటాయి, జిగురు చేప జారదు. నీటిలో పడేటప్పుడు ముక్కురంధ్రాలు మూసుకుంటాయి. పట్టిన చేపను తల ముందుకు వచ్చేలా తిప్పి పట్టుకుని గాలిని కోసుకుంటూ పోతుంది. ఇంత చేసి మోసుకుపోతున్నదాన్ని గరుడపక్షి, పెద్ద గద్దలు తరిమి లాక్కోవడం పక్షి పరిశీలకులకు కొత్త కాదు. గొప్ప పనివాడు ఉన్నచోటే గొప్ప దొంగకు పని.

చేపల సంగతి వదిలి ఎత్తిపోతల దారిలో పొలాల మీద చూస్తే ఇదే విద్య చిన్న ప్రమాణంలో కనిపిస్తుంది. పశువుల మధ్య తిరుగుతూ, కరెంటు తీగల మీద కూర్చునే నల్లటి పక్షికి తోక రెండుగా చీలి ఉంటుంది. దానిదే ఏట్రింత, పసుల పోలిగాడు అన్న పేర్లు. పురుగులు అది సొంతంగానే పడుతుంది, పక్కవాడి పురుగు మీదా దానికి ఆశే. షిక్రా డేగ కూతను అనుకరించి గోరింకలను బెదరగొట్టి, అవి వదిలిన పురుగును కాజేసినట్టు పరిశీలకులు రాశారు. దాని ఆఫ్రికా బంధువు ఫోర్క్‌టెయిల్డ్ డ్రోంగో మరీ ఘటికురాలు. కలహారి ఎడారిలో టామ్ ఫ్లవర్ బృందం చేసిన పరిశోధన 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ పక్షి ఇతర జీవుల ప్రమాదపు కేకలను నేర్చుకుని ఉత్తుత్తిగా అరుస్తుందనీ, ఒక కేకకు మోసపోవడం మానేస్తే మరో కేకకు మారుతుందనీ అందులో తేలింది. స్కువా రెక్కలతో చేసే పనిని ఇవి గొంతుతో చేస్తాయి. అయితే మన ఏట్రింత తన గూటి దాపుకు కాకి వచ్చినా గద్ద వచ్చినా తరిమికొడుతుంది. ఆ ధైర్యం చూసుకునే గువ్వలు, పిగిలిపిట్టలు దాని చెట్టు మీదే గూళ్లు కడతాయి. దొంగ చేతిలో కాపలా పదిలంగా ఉండటం ఇక్కడే చూస్తాం.

ఈ పనితనాన్నంతా మెచ్చుకున్నాక ఒక నిజం ఒప్పుకోవాలి. దోచుకునే పక్షి బతుకు, పట్టే పక్షి చేతిలో ఉంది. బ్రిటన్ తీరాల్లో చిన్నచేపలు తగ్గి టెర్న్‌లు, కిట్టివేక్ అనే గల్ పక్షులు చిక్కిపోయినచోట ఆర్కిటిక్ స్కువాలూ తగ్గిపోయాయి. పెద్ద స్కువాను 2021 నుంచి బర్డ్‌ఫ్లూ దెబ్బతీసింది. ఆ జబ్బు తర్వాత జరిపిన లెక్కింపులో బ్రిటన్‌లోని వాటి సంఖ్య 76 శాతం పడిపోయినట్టు తేలింది. ఎవరికీ చిక్కని పక్షి అనుకున్నది ఒక వైరస్‌కు చిక్కింది.

కృష్ణ మీద కూడా గొలుసు ఇదే. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. వేసవిలో నీరు దిగినప్పుడు బయటపడే ఇసుకదిబ్బలు, రాతి తిప్పలు నది టెర్న్‌కు పురిటి చోట్లు. మార్చి నుంచి మే దాకా వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. గుడ్లు ఇసుకలో కలిసిపోయే రంగులో ఉంటాయి కనుక కాలి కింద పడ్డా తెలియదు. నీటిమట్టం హఠాత్తుగా పెరిగినా, కుక్కలు చేరినా ఆ ఏటి సంతానం పోయినట్టే. ప్రపంచ పరిరక్షణ జాబితాలో ఈ పక్షిని ఇప్పటికే ముప్పు ఉన్న జాతిగా చేర్చారు.

ఎత్తిపోతలకు వచ్చేవారు జలపాతం ముందు ఫొటో దిగి వెళ్లిపోకుండా కాసేపు తలెత్తి లోయ పైకి చూడండి. గుండ్రటి తోక గరుడపక్షిది, చీలిన తోక నల్లగద్దది, తీగ మీద నల్లటి పక్షి ఏట్రింత. సాగర్‌లో పడవ ఎక్కితే నీటి మీద తెల్లటి టెర్న్‌ను, దాని వెనక ఎవరున్నారో గమనించండి. వేసవిలో మాత్రం దిబ్బల మీద దిగకండి, పడవవాళ్లను దింపమని అడగకండి. చేప పట్టే పక్షిని బతకనిస్తేనే, దాన్ని తన్నుకుపోయే పక్షి పనితనాన్ని మన పిల్లలు కూడా చూస్తారు.